విసుగు పేరు వల్ల కాదు, పని వల్ల: గేమ్ సిరీస్‌ల నిర్మాతలకు హైదరాబాద్ ఆటగాళ్ల బహిరంగ లేఖ

ఏళ్ల తరబడి సాగుతున్న వీడియో గేమ్ సిరీస్‌ల ప్రచురణ సంస్థలకు, స్టూడియో పెద్దలకు, వాటి కోసం మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ఆఫీసుల్లో ఆర్ట్, కోడింగ్, టెస్టింగ్ పనులు చేస్తున్న మిత్రులకు,

నమస్కారం.

మీ గేమ్‌ల మీద ప్రేమ ఉంది కాబట్టే ఈ లేఖ రాస్తున్నాం. ఇదివరకు పేరున్న సిరీస్‌లో కొత్త భాగం ప్రకటిస్తే మన ఊళ్లో గేమర్లు ముందుగా అడిగేది "ఎప్పుడు?" అని. ఇప్పుడు ముందుగా వస్తున్న మాట "మళ్లీనా?". ఆ విసుగు గేమ్‌లో సరిగ్గా ఏ చోట పుడుతోందో, ఎందుకు పుడుతోందో, ఏం మారిస్తే తగ్గుతుందో ఆడేవాళ్లుగా మాకు తెలిసినంత వివరంగా చెబుతాం.

"భాగాలు ఎక్కువయ్యాయి, జనం అలసిపోయారు, ఒక ఏడాది ఆపితే సర్దుకుంటుంది" అని మీలో చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. అసాసిన్స్ క్రీడ్‌నే చూడండి. 2007లో మొదలై, 2009 నుంచి 2015 దాకా ఏటా వచ్చింది. 2014లో యూనిటీ విడుదలైనప్పుడు పాత్రల ముఖాలు మాయమై కళ్లూ పళ్లూ మాత్రమే గాల్లో వేలాడిన స్క్రీన్‌షాట్లు ప్రపంచమంతా తిరిగాయి. 2016లో ప్రధాన భాగం రాలేదు. 2017లో ఆరిజిన్స్ వచ్చాక ఆటగాళ్లు మళ్లీ దగ్గరయ్యారు. దానికి కారణం ఏడాది విరామం ఒక్కటే అనుకుంటే పొరపాటు. అంతకుముందు భాగాల్లో శత్రువు కత్తి ఎత్తేదాకా ఆగి, ఆ క్షణంలో ఒక బటన్ నొక్కితే చాలు, మిగతాదంతా ముందే తయారుచేసిన యానిమేషన్. ఆరిజిన్స్‌లో కత్తి ఎంత దూరం పోతుంది, ఎవరికి తగులుతుంది అన్నది నిజంగా లెక్కలోకి వచ్చింది. ఈటె పట్టుకుంటే ఒక దూరంలో నిలబడాలి, జంట కత్తులు పట్టుకుంటే ఇంకో దూరంలో. చేతికి కొత్త పని దొరికింది. ఆ తర్వాత 2018లో ఒడిస్సీ, రెండేళ్లు ఆగి 2020లో వల్హాలా వచ్చాయి. రెండేళ్ల విరామం ఉన్నా చాలామందికి విసుగు తిరిగొచ్చింది. ఈసారి పెరిగింది మ్యాప్, పని కాదు.

మేం చెప్పదలచుకున్నది ఇదే. సిరీస్ పేరు చూసో, పక్కనున్న అంకె చూసో మాకు విసుగు రావడం లేదు. ఊరు మార్చి, వేషం మార్చి, చేతితో మాత్రం అదే పని చేయిస్తున్నందుకు వస్తోంది.

దీన్ని దగ్గరగా చూద్దాం. 2012లో వచ్చిన ఫార్ క్రై 3లో 34 శత్రు శిబిరాలు, 18 రేడియో టవర్లు ఉన్నాయి. మొదటి శిబిరం దగ్గరికి వెళ్లినప్పుడు ఏం చేస్తాం? ఏదో గుట్ట మీద చేరి కెమెరా తీసి ఒక్కొక్క కాపలావాడినీ గుర్తు పెట్టుకుంటాం. అలారం పెట్టెలు ఎన్ని ఉన్నాయో, ఎటువైపు ఉన్నాయో చూస్తాం. బోనులో పులి ఉంటే, దూరం నుంచి ఒక్క తూటాతో బోను తెరిచి దాన్ని వాళ్ల మీదికి వదలొచ్చా అని ఆలోచిస్తాం. అలారం మోగితే బయటి నుంచి మనుషులు దిగుతారు కాబట్టి ముందు దాన్ని ఆపాలా, ముందు పై అంతస్తులో ఉన్న తుపాకీవాణ్ణి పడగొట్టాలా అని తేల్చుకోవాలి. పది నిమిషాల పనిలో కనీసం ఏడెనిమిది నిర్ణయాలు. ఇంత మంచి డిజైన్ చాలా తక్కువ గేమ్‌లలో ఉంటుంది, మనస్ఫూర్తిగా అంటున్నాం.

తర్వాత సైలెన్సర్ ఉన్న స్నైపర్ రైఫిల్ చేతికొస్తుంది. ఆ రోజు నుంచి ప్రతి శిబిరానికీ ఒకటే జవాబు: దూరంగా కూర్చో, ఒక్కొక్కరినీ కాల్చు, లోపలికి నడువు. ఇరవయ్యో శిబిరానికి వచ్చేసరికి వేళ్లు కదులుతుంటాయి, బుర్ర మాత్రం రేపటి ఆఫీసు పని గురించి ఆలోచిస్తుంటుంది. శిబిరాలు 34 ఉండటం ఇక్కడ తప్పు కాదు. ఒక పద్ధతి అన్ని చోట్లా పనిచేయడం, ఆ పద్ధతి వాడినందుకు ఆటగాడు ఏమీ నష్టపోకపోవడం, శత్రువు ఏమీ నేర్చుకోకపోవడం, ఈ మూడూ కలిసి ఆటను కూలిపనిగా మార్చేశాయి. ఫార్ క్రై 4 వచ్చింది, శిబిరాలు ఉన్నాయి. 2016లో ప్రైమల్ వచ్చినప్పుడు ఆటగాళ్లు మ్యాప్‌లు పక్కపక్కన పెట్టి చూసి, నదులూ దారులూ ఫార్ క్రై 4వే అని పట్టేశారు. 2018లో ఫార్ క్రై 5 టవర్లు ఎక్కించడం మానేసింది, సంతోషం. శిబిరాల జవాబు మాత్రం పాతదే.

దీనికి మందు మీ పరిశ్రమలోనే ఉంది. 2015లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 5 ది ఫాంటమ్ పెయిన్‌లో మీరు ఎప్పుడూ తలకే గురిపెడితే కొన్నాళ్లకు సైనికులు హెల్మెట్లు పెట్టుకుని కనిపిస్తారు. ఎప్పుడూ రాత్రిపూటే దాడి చేస్తే చీకట్లో చూసే కళ్లద్దాలు తెచ్చుకుంటారు. ఆ సామాను వాళ్లకు చేరకుండా మీ మనుషుల్ని పంపి గోదాములు ధ్వంసం చేయించే దారి కూడా ఇచ్చారు. అలవాటు పడిన పద్ధతికి ఇలా ధర పెట్టడంతో ఆటగాడు తనంతట తానే కొత్త దారి వెతుక్కుంటాడు. దీనికి కొత్త మ్యాప్ అక్కర్లేదు, కొత్త నటీనటులు అక్కర్లేదు. ఆటగాడు ఏ పద్ధతిని ఎన్నిసార్లు వాడాడో లెక్క పెట్టుకునే పట్టిక, దానికి తగ్గట్టు శత్రువుల సామాను మార్చే నియమాలు కావాలి. వాటిని సరిగ్గా తూకం వేయడం కష్టమైన పనే, అయినా వంద చదరపు కిలోమీటర్ల అడవి గీయడం కంటే తక్కువ ఖర్చు.

టెస్టింగ్ చేసే మిత్రులకు ఒక మనవి. గేమ్ మొదటి రెండు గంటలు అందరూ బాగానే పరీక్షిస్తారు. మీరు పదిహేనో గంట దగ్గర, ముప్పయ్యో గంట దగ్గర అరగంట చొప్పున ఒక ఆటగాడి స్క్రీన్ రికార్డ్ చేయండి. తర్వాత స్టాప్‌వాచ్ పెట్టుకుని ఆ అరగంటను నాలుగుగా విడగొట్టండి: కొత్త నిర్ణయం తీసుకున్న సమయం, తెలిసిన పనే మళ్లీ చేసిన సమయం, ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లిన సమయం, మెనూల్లో గడిపిన సమయం. మా అంచనాలో మొదటిది ఆరేడు నిమిషాల కంటే తగ్గితే ఆటగాడు ఆ వారంలోనే గేమ్ ఆపేస్తాడు. పైకి మాత్రం "టైమ్ దొరకడం లేదు" అంటాడు. మీ సర్వేలో నమోదయ్యేది ఆ కారణమే.

మెనూల మాట వచ్చింది కాబట్టి సామాను గురించి చెప్పాలి. ఒడిస్సీలో మీ లెవెల్ పెరిగే కొద్దీ చుట్టుపక్కల శత్రువుల లెవెల్ కూడా పెరుగుతుంది. చేతిలో ఉన్న కత్తి మాత్రం దొరికిన రోజు లెవెల్‌లోనే ఉండిపోతుంది. దాన్ని పైకి తేవాలంటే కట్టె, ఇనుము, తోలు, డబ్బు కావాలి. అవి కావాలంటే దొరికిన మిగతా కత్తుల్ని విరగ్గొట్టాలి. అంటే ప్రతి పోరాటం తర్వాత మెనూ తెరిచి, రెండు శాతం తేడా ఉన్న రెండు హెల్మెట్లను పోల్చి, ఒకటి ఉంచుకుని ఒకటి విరిచి బయటికి రావాలి. అంకెలు పెరుగుతున్నాయి, బలం మాత్రం ఉన్నచోటే ఉంది. పైగా ప్రధాన కథలో ముందుకు వెళ్లాలంటే లెవెల్ చాలదు, పక్క పనులు చేసి రావాలి. అదే గేమ్ స్టోర్‌లో, లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు శాశ్వతంగా 50 శాతం ఎక్కువ వచ్చే బూస్ట్‌ను డబ్బుకు అమ్మారు. అక్కడే ఆటగాడికి అనుమానం మొదలవుతుంది: ఈ సాగదీత ఆట కోసం చేశారా, ఆ బూస్ట్ అమ్ముకోవడానికి చేశారా? ఒకసారి ఆ అనుమానం వచ్చాక తర్వాతి భాగంలో ప్రతి ఖాళీ మైదానమూ అదే ప్రశ్న వేస్తుంది. దయచేసి పూర్తి ధర పెట్టి కొన్న ఒంటరి ఆటలో సమయం తగ్గించే సరుకు అమ్మకండి. ఆ సరుకు అవసరం పడేంత సాగదీత ఉంటే ముందు ఆ సాగదీతను కోయండి.

మ్యాప్ మీద చల్లే గుర్తుల విషయం కూడా ఇలాంటిదే. మొదటి అసాసిన్స్ క్రీడ్‌లో ఏరుకోవాల్సిన జెండాలు 420. ఏరినా ఆటలో ఒరిగేది లేదు. 2017లో వచ్చిన జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో కొరోక్ విత్తనాలు 900, రెట్టింపు కంటే ఎక్కువ. అయినా అక్కడ మాకు అలసట తెలియలేదు. ఎందుకంటే సంచీలో చోటు పూర్తిగా పెంచుకోవడానికి 441 చాలు, సగం కూడా కాకముందే అవసరం తీరిపోతుంది. అవి మ్యాప్ మీద ముందే చుక్కలుగా కనిపించవు. వింతగా అమర్చిన రాళ్ల వరుసలో ఒక రాయి తగ్గిందని మీ కంటికి అనిపిస్తే, ఆ రాయి తెచ్చి పెడితే ఒక విత్తనం దొరుకుతుంది. కనిపెట్టిన సంతోషం ఆటగాడిది. చుక్కలు ముందే వేసి ఇస్తే అది ఇంటికి కావాల్సిన సరుకుల చీటీ. ఎంతో మంచి రచన ఉన్న ది విచర్ 3లో కూడా స్కెల్లిగె సముద్రం నిండా చల్లిన ప్రశ్నార్థకాల దగ్గర పడవ నడిపి నడిపి విసిగిపోయినవాళ్లు ఎందరో. చుక్కలన్నీ ఆఫ్ చేసుకునే స్విచ్ ఇవ్వండి. అంతకంటే ముందు, చుక్కలు లేకపోయినా కనుక్కోగలిగేలా ఆ చోటును కట్టండి. గుర్తులు తీసేస్తే దారి తెలియని మ్యాప్‌కు స్విచ్ పెట్టి లాభం లేదు.

పాత సరుకు మళ్లీ వాడటాన్ని మేం తప్పు పట్టడం లేదు. ఈ విషయంలో ఆటగాళ్లలోనే అపోహ ఉంది, దాన్ని కూడా ఇక్కడే తీర్చుదాం. యాకుజా సిరీస్ 2005 నుంచి కామురోచో అనే ఒకే పేటకు మమ్మల్ని తీసుకెళ్తోంది. ఆ వీధులు మనకు కోఠి సందుల్లా అలవాటైపోయాయి, మూల మీద ఏ కొట్టు ఉందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. అయినా ఆ సిరీస్ 2020లో లైక్ ఎ డ్రాగన్ దగ్గర పిడిగుద్దుల పోరాటం వదిలేసి, వంతులవారీగా ఆడే పద్ధతికి మారింది, కథానాయకుణ్ణీ మార్చింది. జెల్డా సిరీస్‌లో 1998లో వచ్చిన ఓకరీనా ఆఫ్ టైమ్ బొమ్మల్నే చాలావరకు వాడుకుని, రెండేళ్లలో, 2000లో, మజోరాస్ మాస్క్ తెచ్చారు. మూడు రోజుల గడియారం పెట్టి మొత్తం ఆటనే తిప్పేశారు. 2010లో ఫాలౌట్ న్యూ వేగాస్ పాత ఇంజన్ (ఆటను నడిపే సాఫ్ట్‌వేర్) మీదే, పాత సామానుతోనే కట్టారు, ఈ రోజుకీ జనం దాన్ని తలుచుకుంటారు. 2023లో జెల్డా టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ ఆరేళ్ల నాటి మ్యాప్‌ను మళ్లీ ఇచ్చింది. కాకపోతే దొరికిన చెక్కలూ చక్రాలూ ఫ్యాన్లూ అతికించి బండ్లూ విమానాలూ కట్టుకునే శక్తి చేతికి ఇచ్చింది, దాంతో తెలిసిన కొండ కూడా కొత్త సమస్య అయింది. పాత ఇటుకలతో కొత్త ఇల్లు కట్టారంటే మాకు ఆనందమే. కోట్లు పోసి కొత్త ఇటుకలు కాల్చి, అదే పాత ఇంటి ప్లాన్ మీద పేరిస్తేనే బాధ. ఆర్ట్ దగ్గర మిగిలిన డబ్బును చేతికి కొత్త పని కల్పించే డిజైనర్ల మీద, ఆ పని తప్పుల్లేకుండా నడిచేలా చూసే టెస్టర్ల మీద పెట్టండి. ఈ నగరంలో ఆ టెస్టర్లు చాలామంది ఉన్నారు. తేదీ మారదు కాబట్టి రాత్రుళ్లు కూర్చునేది వాళ్లే.

ఇక ఏటా వచ్చే క్రీడల సిరీస్‌లు. వీటికి ఒక న్యాయమైన ఇబ్బంది ఉంది: ఫుట్‌బాల్ నియమాలు ఏటా మారవు, జట్లు మారతాయి. కాబట్టి కొత్త పని కనిపెట్టమని అడగడం కష్టమే. కానీ జట్ల జాబితా మార్చడానికి పూర్తి ధర ఎందుకు? నింటెండో స్విచ్ మీద ఫిఫా 20 నుంచి వరసగా కొన్నేళ్లు "లెగసీ ఎడిషన్" పేరుతో వచ్చింది అదే ఆట, కొత్త జెర్సీలతో. ఆ ఫుట్‌బాల్ సిరీస్‌లోని అల్టిమేట్ టీమ్ అనే విభాగంలో ఏడాదంతా కష్టపడి, కొన్నిసార్లు డబ్బు పోసి కూడగట్టిన ఆటగాళ్ల కార్డులు, నాణేలు సెప్టెంబర్ చివర్లో కొత్త భాగం రాగానే పాత ఇంట్లోనే ఉండిపోతాయి. మళ్లీ మొదటి నుంచి కంచు కార్డులతో మొదలు. నగరంలో ఈ ఆట ఆడేవాళ్లలో ఎక్కువమంది చదువుకునే పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు. మన దగ్గర కొత్త భాగం ధర మామూలుగా మూడున్నర వేల నుంచి ఐదు వేల రూపాయలు. ఏటా అంత పెట్టి సున్నా నుంచి మొదలుపెట్టమంటే మూడో ఏడాదికి ఎవరికైనా చేయి వెనక్కి పోతుంది.

వేరే దారి ఉందని మీలో కొందరు ఇప్పటికే చూపించారు. ఫుట్‌బాల్ మేనేజర్ 25 అనుకున్నట్టు రావడం లేదని తెలిసి, 2025 ఫిబ్రవరిలో ఆ భాగాన్నే రద్దు చేశారు. సగం ఉడికింది వడ్డించకుండా పొయ్యి ఆపేసిన ఆ నిర్ణయాన్ని మేం గౌరవిస్తున్నాం. ఎఫ్1 సిరీస్ 2026లో విడిగా కొత్త గేమ్ తేకుండా, ఎఫ్1 25కే ఆ ఏడాది కార్లూ జట్లూ అదనంగా ఇస్తామని ప్రకటించింది. ఫుట్‌బాల్‌కూ, బాస్కెట్‌బాల్‌కూ ఇదే పద్ధతి పెట్టండి: రెండు లేదా మూడేళ్లకు ఒక అసలు గేమ్, మధ్యలో తక్కువ ధరకు సీజన్ అప్‌డేట్, కూడబెట్టుకున్నది ఆ మూడేళ్లూ మనతోనే.

మన తెలుగు ఇళ్లలో దీనికి అందరికీ తెలిసిన సాక్ష్యం ఉంది. ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07 వచ్చింది 2006 చివర్లో. దాని తర్వాత ఆ సంస్థ పీసీకి ఆ వరసలో ఇంకో క్రికెట్ గేమ్ తేలేదు. అయినా ఆ ఆట చావలేదు. జెర్సీలు, బ్యాట్ల మీది బొమ్మలు, ముఖాలు, స్కోరు పట్టీ, ఆటగాళ్ల జాబితా, ఇవన్నీ ఫోల్డర్‌లో విడివిడి ఫైళ్లుగా ఉండటంతో అభిమానులు వాటిని తీసి కొత్తవి పెట్టడం నేర్చుకున్నారు. ఐపీఎల్ 2008లో గానీ మొదలు కాలేదు, అయినా ఆ గేమ్‌లో ఐపీఎల్ జట్లు ఆడతాయి, సన్‌రైజర్స్ జెర్సీ కూడా కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డ్ లేని పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. ఒక సంస్థ వదిలేసిన ఆటను, ఫైళ్లు తెరిచే వీలుందన్న ఒక్క కారణంతో జనం ఇన్నేళ్లు బతికించారు. అభిమానులు చేసే ఇలాంటి మార్పులకు తలుపు తెరిచి ఉంచితే విసుగు విరగడయ్యే పని సగం అభిమానులే చేసిపెడతారు.

బరువు సంగతి. కాల్ ఆఫ్ డ్యూటీ సిరీస్‌లో 2019 మోడరన్ వార్‌ఫేర్, దానితో కలిసి వచ్చిన వార్‌జోన్ కలిపి 200 జీబీ దాటాయి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ కొని బిగిస్తే విండోస్‌లో కనిపించేది 476. 512 జీబీ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కొంటే ఆటలకు మిగిలేది 364 జీబీ. అంటే మీ గేమ్ ఒక్కటే అందులో సగానికి పైగా మింగుతుంది, అలాంటి ఇంకో గేమ్ ఆడాలంటే మీదాన్ని తీసేయాలి. తీసేసినదాన్ని మళ్లీ దించుకోవడం ఎంత పనో లెక్క చూడండి: 150 జీబీ గేమ్‌కు 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద, వేగం ఒక్క క్షణం తగ్గకపోతే, మూడు గంటల ఇరవై నిమిషాలు. 40 ఎంబీపీఎస్ ప్లాన్ అయితే ఎనిమిది గంటలు దాటుతుంది. శనివారం రాత్రి ఆడదామనుకున్నవాడు ఆదివారం మధ్యాహ్నం ఆడతాడు, లేదా ఆడడు. ఇది తప్పని బరువు కూడా కాదు. హెల్‌డైవర్స్ 2 పీసీలో సుమారు 154 జీబీ ఉండేది. పాత హార్డ్ డిస్క్ తలకాయ అటూ ఇటూ తిరిగే పని తగ్గించడానికి ఒకే డేటాను చాలాచోట్ల నకళ్లుగా పెట్టారు. 2025 చివర్లో ఆ నకళ్లు తీసేస్తే 23 జీబీకి దిగింది. మీ గేమ్‌లలో కూడా ఒకసారి ఈ లెక్క చూడండి. ఒంటరిగా ఆడే కథ, మల్టీప్లేయర్, పెద్ద టెక్స్‌చర్లు, ఒక్కొక్క భాష ఆడియో విడివిడిగా పెట్టుకునేలా, తీసేసుకునేలా ఇవ్వండి. డిస్క్ కొన్నవాళ్లకు డిస్క్‌లో గేమ్ ఉండాలి. 2022 మోడరన్ వార్‌ఫేర్ 2 పీఎస్5 డిస్క్‌లో ఉన్నది 70 ఎంబీ చిల్లర మాత్రమే.

ఏటా కొత్త భాగం తేవడం వల్ల మన ప్రాంతానికి ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఒకటుంది, అది మీ అమెరికా లెక్కల్లో కనిపించదు. ఒక ఉదాహరణ అనుకుందాం: రాత్రి పదకొండుకు ఒక షూటర్ సిరీస్ ఆడే భారతీయులు 1,200 మంది. వాళ్లు పాత, కొత్త భాగాలుగా సగం సగం విడిపోతే ఆరువందలు. ఆరు రకాల మోడ్‌లు (ఆట పద్ధతులు) ఉంటే ఒక్కో దాంట్లో వంద. అందులో నైపుణ్యం కలిసేవాళ్లు, ఆ క్షణంలో ఆట మధ్యలో లేనివాళ్లు ఎందరు? ఒక్క 6-6 మ్యాచ్‌కు పన్నెండుమంది కావాలి. దొరకకపోతే ఆటగాళ్లను జతపరిచే మ్యాచ్‌మేకింగ్ వల పెద్దది చేసి దూరపు సర్వర్‌కు పంపుతుంది, పింగ్ (సర్వర్‌కు వెళ్లొచ్చే సమయం) పెరుగుతుంది, మనం కాల్చాక తూటా ఆలస్యంగా లెక్కకొస్తుంది. ఆటగాడు "ఈ భాగం బాలేదు" అని వెళ్లిపోతాడు. అసలు బాగోలేనిది లాబీ, అంటే ఆటకు ముందు ఆటగాళ్లు జతకూడే చోటు. ఆటగాళ్లు తక్కువగా ఉన్న ప్రాంతాల్లో మోడ్‌లు తగ్గించండి, రోజుకొక రెండు మోడ్‌లు తిప్పండి, కొత్త భాగం వచ్చినా పాత భాగంతో లాబీ కలిసే దారి ఉంటే చూడండి.

తిరిగొచ్చే ఆటగాడి గురించి మీరు దాదాపు ఆలోచించడమే లేదు. సంక్రాంతికి ఊరెళ్తారు, ఎప్‌సెట్ (పాత ఎంసెట్) చదువులొస్తాయి, ఆఫీసులో రిలీజ్ వారం వస్తుంది. మూడు వారాల తర్వాత సేవ్ ఫైల్ తెరిస్తే ఏ బటన్ ఏం చేస్తుందో గుర్తుండదు, ఎదురుగా కథ మధ్యలోని పెద్ద విలన్. రెండుసార్లు చచ్చి ఆపేస్తాడు. పాజ్ మెనూలో ఒక చిన్న సాధన గది పెట్టండి, ఇప్పటిదాకా నేర్చుకున్న దెబ్బలు మాత్రమే అందులో చూపించండి. రెండు వారాలకు మించి విరామం వస్తే "జరిగిన కథ" నాలుగు వాక్యాల్లో చెప్పండి. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ 2018 కథను మెనూలోనే చిన్న వీడియోగా ఇచ్చింది, కింగ్‌డమ్ హార్ట్స్ 3 కూడా పాత కథల గుట్ట ముందు పెట్టింది. ఆ సిరీస్ కథ పీఎస్2, గేమ్ బాయ్ అడ్వాన్స్, డీఎస్, పీఎస్‌పీ, ఫోన్ అంతటా చెల్లాచెదురుగా ఉంది కాబట్టి అది లేకపోతే ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆడేకొద్దీ బహుమతులిచ్చే బ్యాటిల్ పాస్‌కు గడువు తేదీ తీసేయండి. హేలో ఇన్ఫినిట్, హెల్‌డైవర్స్ 2 కొనుక్కున్న పాస్‌ను ఎప్పుడైనా పూర్తిచేసుకోనిస్తున్నాయి. ఇక సేవ్: ఎక్కడైనా ఆపేలా, మూడు నాలుగు నిమిషాలకోసారి తనంతట అదే సేవ్ అయ్యేలా ఉండాలి. ఏప్రిల్ ఈదురుగాలికి కరెంటు పోతే పీఎస్5లో పాజ్ చేసి పడుకోబెట్టిన ఆట నిలవదు, ఇరవై నిమిషాల వెనక చెక్‌పాయింట్ నుంచి అదే పోరాటం మళ్లీ చేయాలి.

కొనేముందు తెలుసుకునే వీలు కూడా తగ్గిపోయింది. పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్ స్టోర్‌లో డబ్బు వెనక్కి రావాలంటే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు ఉండాలి. మీ గేమ్‌లలో నేర్పే పాఠాలు, సినిమా దృశ్యాలు ముగిసి మ్యాప్ తెరుచుకునేసరికే మూడు నాలుగు గంటలవుతున్నాయి. ఇందులో మారిందేమిటో తెలిసేసరికి గడువు దాటిపోయింది. పాత భాగం ఆడినవాళ్లకు పాఠాలు దాటేసే ఎంపిక మొదటి తెర మీదే పెట్టండి, లేదా మధ్యలోని ఒక గంట ముక్కను డెమోగా ఇవ్వండి.

సర్వర్ల మూసివేత విసుగును నేరుగా అపనమ్మకంగా మారుస్తుంది. 2014లో వచ్చిన ది క్రూ ఒంటరిగా ఆడినా సర్వర్ కావాలి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపారు, డబ్బు పెట్టి కొన్న గేమ్ తెరుచుకోవడం మానేసింది. ఆ కోపం నుంచి పుట్టిన ఉద్యమానికి యూరప్‌లో 2025 జులైలో 10 లక్షల సంతకాలు దాటాయి. ది క్రూ 2కు తర్వాత ఆఫ్‌లైన్ పద్ధతి తెచ్చారు, అంటే చేయగలిగిన పనే. కొత్త భాగం కొనమనేముందు పాత భాగం ఎప్పటిదాకా నడుస్తుందో చెప్పాలి కదా.

కాబట్టి మీ తర్వాతి ట్రైలర్ చివర, విడుదల తేదీ పక్కన, ఈ వివరాలు రాయండి: పాత భాగంలో లేని ఏ పని ఈసారి చేతికి దొరుకుతుంది, ఆట పూర్తిగా చేతికి వచ్చేసరికి ఎన్ని నిమిషాలు పడుతుంది, డిస్క్‌లో ఎన్ని జీబీ ఆక్రమిస్తుంది, పాత భాగంలో కూడబెట్టుకున్నదేది మాతో వస్తుంది, సర్వర్ ఏ ఏడాది దాకా ఉంటుంది, ఆ తర్వాత ఆఫ్‌లైన్‌లో ఏది మిగులుతుంది. వీటిలో మొదటిదానికి మీ దగ్గర ఒక వాక్యంలో జవాబు లేకపోతే ఆ భాగాన్ని ఇంకో ఏడాది మీ దగ్గరే ఉంచుకోండి. మేం ఎదురుచూస్తాం.

ఇట్లు,
హైదరాబాద్‌లోని మీ సిరీస్‌ల పాత ఆటగాళ్లు